పేరు లేని గుడిసె

"ఆ గుడిసెల ఎవరుంటరు చెల్లే?"

మెడలో జీపీఎస్ డబ్బా, చంకలో కాగితాల కట్ట, చెమటకు ఒంటికంటుకున్న చొక్కా. పొద్దుటి నుంచి తండాలో ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుంటున్న మనిషి, ఇప్పుడు అడవి అంచున పోడు చేను దాకా వచ్చాడు.

హేమ్లికి ఒళ్లు మండింది. పోడు చేలో తమ కాపురముందని ఒప్పుకుంటే రేపే ఫారెస్టోళ్లు వచ్చి గుడిసె పీకేస్తారు. అందుకే పోడు గుడిసె గురించి అడిగితే తండాలో ఎవరైనా చెప్పే జవాబు ఒక్కటే.

"ఎవరూ ఉండరు. అది మాది కాదు."

"మరి ఆ పొత్తిగుడ్డలు?"

దండెం మీద హేమ్లి పసికూతురు మంగ్లి గుడ్డలు ఆరుతున్నాయి.

"ఛీ! పసిపిల్ల ముడ్డిగుడ్డలు గూడ చూస్తవా? సిగ్గులేదా?"

"నా పేరు అజ్మల్. భద్రాచలం మాది. ఉండేటోళ్ల పేరు ఒక్కటి చెప్పు, చాలు."

"ఎందుకు?"

"చెప్పే హుకుం లేదు."

"హుకుం లేదంట! థూ!"

అలకడానికి కలిపిన పేడనీళ్లు బొక్కెనతో ఎత్తి అతని మీద కుమ్మరించింది.

అజ్మల్ కాగితాలు తడవకుండా వీపు తిప్పాడు. మొహం తుడుచుకున్నాడు. గుడిసె వైపు ఇంకోసారి చూసి వెళ్లిపోయాడు.

వారం తర్వాత, మంగ్లికి పోలియో చుక్కలు వేయిద్దామని హేమ్లి, ఆమె మొగుడు హరిలాల్ తండాలోకి పోయారు.

అడవి వైపు తుపాకులు మోగాయి.

పరుగున వచ్చేసరికి గుడిసె తడికల నిండా తూట్లు. ఉయ్యాల చీరకు మూడు.

చంకన బిడ్డతోనే హేమ్లి వంగి, ఒక తూటులో వేలు దూర్చి చూసింది.

చేలో యూనిఫాం వాళ్లు నవ్వుకుంటూ బిస్కెట్లు తింటున్నారు.

"మనుషులుండే ఇల్లు సార్! కండ్లు కనవడ్తలేవా?" హరిలాల్ వాళ్ల మీదికి పోయాడు.

వాళ్ల ఆఫీసరు లాప్‌టాప్‌ను హేమ్లి వాళ్ల వైపు తిప్పాడు.

తెర మీద వాళ్ల వాగు. వాళ్ల గట్టు. ఇప్పచెట్టు కూడా. తండా ఇళ్లన్నీ పచ్చగా, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. వీళ్ల గుడిసె ఒక్కటే ఎర్రగా ఉంది.

"ఇది మా జవాన్ల ట్రైనింగ్. ఎర్రది శత్రువు డేరా కింద లెక్క. పేరున్న ఇంటి జోలికి మావాళ్లు పోరు."

"దీనికెందుకు లేదు సార్ పేరు?"

"ఎవరూ ఉండరని మీరే చెప్పారట! పైనుంచి తీసిన ఫొటోలు చాలంటే వినకుండా, ఆ సర్వే అతను నడుచుకుంటూ వచ్చి అడిగాడు కదా?"

"ఆయనేడి?" అంది హేమ్లి.

"ఈ గుడిసె గురించే మాతో పేచీ పెట్టుకున్నాడు. పేరు లేనిదే కంప్యూటర్ తీసుకోదన్నాం. పని మానేసి పోయాడు."

ఆఫీసరు అజ్మల్ కాగితాల కట్టలోంచి ఒకటి లాగి, వాసనకు ముక్కు మూసుకుని, వాళ్ల ముందు పడేశాడు.

అంచున ఎండిన పేడ మరక.

మూడో తరగతితో బడి మానేసిన హేమ్లి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

గుడిసె బొమ్మ పక్కన అజ్మల్ రాసిన ముక్క: "పేరు చెప్పలేదు. లోపల పసిబిడ్డ ఉంది. కాల్చొద్దు."