ముందు బల్ల

"పెద్దమ్మా, ఇవాళ నువ్వు ఎక్కొద్దు."

లాజరు ఆ మాట అనేసరికి, ఒక కాలు పడవలో పెట్టిన పెద్దావిడ అలాగే ఆగిపోయింది.

"ఎందుకు నాయనా?"

"ఇవాళ నా పడవ స్పీడు చూపించాలి. నీ బరువుకి ఇంజను రొప్పుతోంది."

ఆవిడ భారీ మనిషే, కాదనలేం. ఏడాదిగా రోజూ పొద్దున్నే ఆకుకూరల గంపతో లంక రేవుకొచ్చేది. వెనక ఎంత చోటున్నా పోనూ రానూ పడవ కొసన ఉన్న ముందు బల్ల మీదే చతికిలబడేది. నీళ్ళు మొహాన కొట్టినా కదిలేది కాదు.

"తడిసిపోతున్నావు, వెనక్కి రా పెద్దమ్మా" అంటే, "ఇక్కడైతే గాలి బాగా తగులుద్ది" అనేది.

లాజరు పడవంటే బెజవాడ బ్యారేజీకి ఎగువన తెలియనివాళ్ళు లేరు. పొలాల్లో పంపుసెట్లు బాగుచేసే మెకానిక్కు వాడు. లంకల దగ్గర నీళ్ళు తగ్గితే మామూలు మోటారు పడవల పంకాలు ఇసుకలో దిగబడతాయి. వీడు పంకా పీకేసి, అడుగు నుంచి నీళ్ళు పీల్చి వెనక్కి చిమ్మే పంపు బిగించాడు. జనం దానికి 'జెట్టు' అని పేరు పెట్టారు.

మొదట పాత జీపు ఇంజను పెట్టాడు. అది చాలదని నిరుడు లారీ ఇంజను ఎక్కించాడు.

పడవ చేసిన వడ్రంగి అంతోని అప్పుడే హెచ్చరించాడు.

"ఇంజను మార్చావుగానీ పడవ పాతదేగా. ఈ చెక్కకి ఒక హద్దుంది. అది దాటితే ముక్కు పైకి లేచిద్ది. స్పీడు పిడి సగానికి మించి లాగబాక."

లాజరు ముప్పావు వరకు లాగి చూశాడు. ముక్కు లేవలేదు. పూర్తిగా లాగాడు. అప్పుడూ లేవలేదు. ఇంక వాడిని పట్టేదెవరు? కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా!

ఈ రోజు మాత్రం వాడి గుండె ఇంజను కన్నా గట్టిగా కొట్టుకుంటోంది. గుణదల నుంచి ఇశ్రాయేలు మాస్టారు పడవ చూడటానికి వస్తున్నారు. ఆయన కూతురు తెరేసమ్మ లంక బడిలో టీచరు. లాజరుకి ఆ అమ్మాయంటే ప్రాణం. కానీ "జాగ్రత్తగా ఎక్కండి టీచరుగారూ" అన్నది తప్ప ఆమెతో మాట్లాడి ఎరగడు.

ఎలా అడుగుతాడు? తల్లీతండ్రీ ఎవరో తెలియదు. పసితనం నుంచి అనాథ పిల్లల హాస్టల్లో పెరిగాడు. పిల్లనడగడానికి వెళ్ళే పెద్దలంటూ ఎవరూ లేరు.

అలాంటిది మాస్టారే కబురు పెట్టారు. "నీ పడవెక్కి చూస్తాను. నాకు భయం వెయ్యకపోతే మా అమ్మాయి సంగతి మాట్లాడదాం."

తన స్పీడు సంగతి గుణదల దాకా పాకిందని లాజరు పొంగిపోయాడు.

పెద్దావిడ కాలు వెనక్కి తీసుకుంది. మొహం చిన్నబోయింది.

"అయితే మెల్లగా పోనియ్యి నాయనా" అంది.

వాడు వినలేదు. అప్పటికే ఇంజను స్టార్టు చేశాడు.

అసలు స్పీడు మాస్టారికే చూపిద్దామని బెజవాడ దాకా సగమే లాగాడు. రేవులో మాస్టారు గొడుగుతో నిలబడి ఉన్నారు. లాజరు ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కించి, వెనక మెత్తటి సీట్లో కూర్చోబెట్టాడు.

"ఇక్కడైతే తడవరు మాస్టారూ."

ఆయన ముందు బల్ల వైపు చూశారు. "ఆవిడ రాలేదేం?"

"ఆవిడెందుకండీ, దండగ బరువు!"

మాస్టారు ఏదో అనబోయారు. ఇంజను మోతలో అది వినపడలేదు.

నది మధ్యకి రాగానే లాజరు పూర్తిగా లాగాడు.

ముక్కు లేచింది. ఎదురుగా నీళ్ళు మాయమై ఆకాశం కనపడింది. పడవ దభీమని కింద పడి, మళ్ళీ లేచి, ఒక పక్కకి ఒరిగింది. మాస్టారు సీట్లోంచి దొర్లి అడుగున పడ్డారు. ఆయన కళ్ళజోడు కృష్ణార్పణమైంది.

లాజరు ఇంజను ఆపేశాడు.

"చంపేస్తావటయ్యా!"

"ఎప్పుడూ ఇలా చెయ్యలేదండీ! ఏడాదిగా ఇదే స్పీడు..."

"ఏడాదిగా ముందు ఆవిడ కూర్చుందయ్యా!"



మాస్టారు తడిసిన పంచె పిండుకుంటూ అన్నారు. "నెల రోజులుగా మా గడప అరగదీసింది. 'మావాడు బంగారం మాస్టారూ, స్పీడొక్కటే జబ్బు. చెబితే వినడు. అందుకే ముక్కు లేవకుండా నేనే ముందు కూచుంటన్నా. నాకా నీళ్ళంటే చచ్చేంత భయం. మీరెక్కే రోజు కూడా కూచుంటా, పిల్లనివ్వండి' అని బతిమాలింది. ఆ మాట నమ్మి ఎక్కాను."

లాజరు ఖాళీ బల్ల వైపు చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దండగ బరువు అన్న నోటిని కొట్టుకోవాలనిపించింది.

"పడవ లంకకి తిప్పు. సంబంధం సంగతి ఆవిడతోనే తేల్చుకుంటాను" అన్నారు మాస్టారు.

ఈసారి లాజరు సగం కూడా లాగలేదు.

రేవులో ఎవరూ లేరు. లంకలో ఎవరింటికని వెళ్ళాలి? ఏడాదిగా రోజూ తన పడవెక్కిన మనిషి ఎక్కడుంటుందో, ఏమని పిలుస్తారో వాడు ఒక్కనాడూ కనుక్కోలేదు.

సిగ్గుతో తల వంచుకుని నెమ్మదిగా అడిగాడు.

"మాస్టారూ... ఆవిడ పేరేంటండీ?"

ఇశ్రాయేలు మాస్టారు వింతగా చూశారు.

"అదేంటయ్యా, కన్నతల్లి పేరు నన్నడుగుతావు?"