డెబ్బై రెండు

ఆ రెండు గుక్కల నీళ్ళే తన భార్యను పొట్టన పెట్టుకున్నాయా?

దాదాపు రెండేళ్ళుగా దర్జీని ఆ అనుమానం తొలుస్తూనే ఉంది.

ఆపరేషన్ రోజు ఉదయం ఆమె దాహమంటే, నర్సు చూడకుండా తనే గ్లాసు పట్టాడు. ఆ నీళ్ళు మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోయాయని, తప్పు ఇంటివాళ్ళదేనని ఆసుపత్రి రాసిచ్చింది.

అత్తగారికి ఆ కాగితమే వేదమైంది.

"నా బిడ్డని నీళ్ళు పోసి సాగనంపావు నాయనా," అని ఒక్కసారే అంది. ఆ తరువాత అతని గడప తొక్కలేదు.

అతను గ్లాసు ఎత్తిన ప్రతిసారీ పక్కన ఎవరో గుటక వేసినట్టు వినిపించేది.

దేవుడి ముందు కూర్చున్నా అదే ప్రశ్న. దాహమన్నవాళ్ళకి నీళ్ళివ్వడం పుణ్యమన్న నువ్వే, దాన్ని పాపం చేశావా?

ప్లీడరు ఫైలు చూసి పెదవి విరిచాడు. డాక్టరు మీద దావా వేయాలంటే, అదే పని తెలిసిన మరో డాక్టరు కాగితాలు చూసి, పొరపాటు జరిగిందని సంతకం చేయాలట. ఆ పేరు జడ్జిగారికి తప్ప అవతలివాళ్ళకి తెలియనివ్వరట. గడువు ఇంక పదకొండు రోజులే.

"ఎంతమందిని అడిగావయ్యా?"

"పద్నాలుగు మందిని సార్. అందరూ టీ ఇచ్చారు. సంతకం ఎవరూ ఇవ్వలేదు."

గడువు మూడు రోజులుందనగా ఒక ముసలావిడ కుట్టు దుకాణంలోకి వచ్చింది. చేతిలో బట్ట ఏదీ లేదు. తను ముప్పై ఏళ్ళు మత్తు డాక్టరుగా పనిచేశానని, కాగితాలు చూస్తానని అంది.

తన సంగతి ఎవరు చెప్పారని అతను అడిగితే, విన్నానంది, అంతే.

కత్తిరింపుల బల్ల మీదే ఫైలు తెరిచింది. ఒక పేజీ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

అయిదు నిమిషాలకోసారి నాడి చూసి రాసే పట్టిక అది. డెబ్బై రెండు. కింద డెబ్బై రెండు. ఆ కిందా అదే. అలా ఎనిమిది గళ్ళు. తొమ్మిదో గడి ఖాళీ.

"కత్తి పడ్డ ఒంట్లో నాడి ఇలా ఒక్కచోట కూర్చోదు బాబూ," అంది మెల్లగా. "అంతా అయ్యాక ఒకేసారి కూర్చుని నింపారు. ఆ నలభై నిమిషాలూ ఆ పిల్లని ఎవరూ చూడలేదు."

"మరి నా నీళ్ళు, డాక్టరమ్మా?"

"ఎన్నింటికి పట్టావు?"

"ఆరింటికి."

"ఆపరేషన్ పదకొండింటికి. అప్పటికి ఆ నీళ్ళు కడుపులో ఎక్కడున్నాయి? నువ్వు ఆమె దాహం తీర్చావు, అంతే."

అతను బల్లకు తల ఆనించి ఏడ్చాడు. ఏడుపు ఆగేదాకా ఆమె కదల్లేదు.

తరువాత పెన్ను మూత తీసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసి, సంతకం చేసింది.

తను బతికుండగా దండాలు పెట్టడానికి తన ఇంటికి మాత్రం రావద్దంది.

కేసు మూడేళ్ళు నడిచింది. దర్జీ గెలిచాడు. ఆ రోజు మత్తిచ్చిన డాక్టరు లైసెన్సు పోయింది.

తీర్పు విన్న సాయంత్రం అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడింది. దాహంగా ఉంది నాయనా, అంది.

మరో ఏడాదికి డాక్టరమ్మ పోయిందని ప్లీడరు చెప్పాడు. దర్జీ అడ్రసు కనుక్కుని వెళ్ళాడు.

తలుపు తీసే ఉంది. ముందుగదిలో ఆమె ఫోటో. రెండు చేతులూ జోడించి, ఇన్నేళ్ళుగా బాకీ పడ్డ ఆ ఒక్క దండం పెట్టుకున్నాడు.

"మీరొస్తే కూర్చోబెట్టమంది అమ్మ," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

తిరిగి చూస్తే, కుర్చీ పట్టుకుని తల దించుకుని నిలబడ్డది, మూడేళ్ళపాటు కోర్టులో తను చూసిన ఆ మత్తు డాక్టరే.