మసి పట్టిన ప్లగ్గులు

"రంజానూ, నిజం చెప్పు. నువ్వసలు కారు స్పీడుగా తోలుతున్నావా?" ఇంజనులోంచి విప్పిన, మసి పట్టిన స్పార్క్ ప్లగ్గును వెలుగులోకి ఎత్తి చూస్తూ అడిగాడు మెకానిక్ అంకమ్మరావు.

"రోజూ తొక్కుతూనే ఉన్నా," అన్నాడు రంజాన్.

నిండు నెలలతో వెనక సీట్లో కూర్చున్న అతని భార్య జోహరాబీ అవునన్నట్టు తలూపింది. పోయినేడు ఇదే కారు తుళ్లూరు నుంచి ఈడ్చుకుంటూ గుంటూరు ఆసుపత్రికి చేరేలోపే తొలిబిడ్డ దక్కకుండా పోయింది. ఆ తర్వాతే రంజాన్ బండికి ఊపు రావాలని ఇంజను హెడ్డు అరగదీయించి కంప్రెషన్ పెంచాడు. ఈసారి గాల్లో తీసుకుపోతానన్నాడు.

"ఇవి స్పీడుకు తట్టుకునే కోల్డ్ ప్లగ్గులు. మిర్చి బళ్ల వెనకాల పాకితేనే ఇట్టా నల్లబడతాయి."

రంజాన్ తల దించుకున్నాడు. "తొక్కబోతే వెనక సీట్లోంచి అప్పటి జోహరాబీ మూలుగు వినపడతది అన్నా. ఖాళీ కారే. అయినా కాలు వెనక్కొచ్చేస్తది."

జోహరాబీ తను కూర్చున్న సీటును చేత్తో తడిమింది.

"హాట్ ప్లగ్గులు వేస్తే మసి పట్టదు. కానీ ఆపైన గట్టిగా తొక్కావో, పిస్టన్ కరిగిపోద్ది. ఏవి వెయ్యమంటావు?"

రంజాన్ జోహరాబీ వైపు చూశాడు.

"నిదానానికి పనికొచ్చేవే వెయ్యి అన్నా," అంది జోహరాబీ.

"నొప్పులొస్తే ఎట్టా?" అన్నాడు రంజాన్.

"వచ్చేదాకా ఇక్కడెందుకు? గుంటూరులో మా అక్క ఇంట్లో ఉందాం. ఇప్పుడే పోదాం."

ప్లగ్గులు బిగించడం అయ్యాక ఆమె కడుపు పట్టుకుని మెల్లగా దిగింది. వెనక తలుపు మూసి, వచ్చి ముందు సీట్లో అతని పక్కన కూర్చుంది.