అరటిబోదెకు అంత్యక్రియలు

శవం లేదు. అందుకే ఉగోయె ఇంకా చావుమైల నల్లగుడ్డలోనే ఉంది.

మొగుడు అనిక్వె అగ్వు దేవత అడవిలోకి వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఏళ్ళు గడిచాయి. ఉడి అనే ఊరి నుంచి ఒక వడ్రంగి వచ్చి ఆమెను చేసుకుంటానన్నాడు. కర్మ జరగనిదే కుదరదన్నారు పెద్దలు. వాళ్ళకు శవం కావాలి, బతికున్న ఆడది అక్కర్లేదు.

ఒకటే దారి. అగ్వు పూనిన మనిషి ఉబో అనే ఇనుప రేకుల వాయిద్యం మీటుతూ, పోయినవాడు ఇక లేడని సాక్ష్యం చెప్పాలి. అప్పుడు శవానికి బదులు అరటిబోదెను పూడుస్తారు. ఉబో చేతిలో ఉండగా అబద్ధమాడితే ఆ వేళ్ళకు మళ్ళీ పాట రాదు.

ఆ అడవిలో అగ్వు పూనిన మనిషి ఒకరున్నారు, పేరు ఎనెనెబె. పాడతారు, రోగాలు దించుతారు, ఆత్మలతో మాట్లాడతారు. ఉగోయె ఎన్నిసార్లు కబురు పెట్టినా రాలేదు. ఇవాళ ఊరి సభకు వచ్చారు. మొహం నిండా తెల్ల సుద్ద, మెడలో పూసలు, నడుముకు ఆడవాళ్ళ గుడ్డ, నెత్తిన మగవాళ్ళ టోపీ.

"మగాళ్ళ వైపు కూర్చుంటావా, ఆడాళ్ళ వైపా?" అన్నాడు గుంపులో ఒకడు.

"నీడ ఎటుంటే అటు నాయనా."

అందరూ నవ్వారు. ఎనెనెబె నవ్వలేదు. ఉగోయె గొరిగిన తల కంటబడగానే చూపు నేలకు దించేశారు.

పెద్దాయన ఎలోకా నాన్చలేదు.

"అనిక్వెను నువ్వే మింగావని ఊరంతా అంటోంది. నిజమేనా?"

ఉబో ఇనుప రేకులు మోగాయి.

"నిజమే. నా వల్లే పోయాడు. ఆ అనిక్వె ఇక రాడు."

జనం లేచారు. తన్నండని అరిచారు గానీ, అగ్వు మనిషి మీద చెయ్యి వేసే దమ్ము ఒక్కడికీ లేదు. ఉమ్మేసి ఊరుకున్నారు. ఉగోయె మాత్రం ఏడవలేదు. సాక్ష్యం దొరికింది కదా, బోదె తెండి అంది.

బోదెను పూడ్చారు. ఉగోయె నల్లగుడ్డ విప్పి మంటలో పడేసింది.

ఎనెనెబె తలెత్తకుండా బయల్దేరారు. ఉగోయె అడవి మొదలు దాకా వెంట నడిచింది. అక్కడ ఇంకెవరూ లేరు.

"నన్ను తిట్టు. ఒక్క మాటైనా తిట్టు," అన్నారు ఎనెనెబె.

"వెళ్ళిరా అనిక్వె, ఈసారైనా చెప్పి వెళుతున్నావు," అంది ఉగోయె.