మామూలు పిల్ల

బడిలో చేరిన మొదటి నెలలోనే పిల్లలందరినీ తరగతి గోడకున్న కెమెరా పరీక్షించేది. ఆటిజం ఉందని తేలినవాళ్ళను వేరే గదికి పంపేవారు. ఆ గదిలోకి వెళ్ళినవాళ్ళు ఇక మామూలు చదువుకు రారని రొయ్యల షెడ్డులో ఆడవాళ్ళు చెప్పుకునేవారు.

అక్కడే పనిచేసే నీలవేణి అది విని బెదిరిపోయి వేసవంతా కూతురు చందనను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పింది. "కళ్ళలోకి చూడమ్మా. చేతులు ఆడించకు. పిలిస్తే నవ్వు." ఐదేళ్ళ పిల్ల ఏడుస్తూనే నేర్చుకుంది. కెమెరా ఆమెను మామూలు పిల్ల అని తేల్చింది. నీలవేణి షెడ్డులో అందరికీ లడ్డూలు పంచింది.

దసరా ముందు బడినుంచి కబురొచ్చింది. భోజనాల వేళ గోల భరించలేక చందన బల్ల కింద దూరి, నెత్తురొచ్చేలా మణికట్టు కొరుక్కుంది. నీలవేణి బడికి పరుగెత్తింది.

"ఏ తేడా లేదని కెమెరా చెప్పిందిగా. పొగరనుకుని గోడవైపు నిలబెట్టానండీ" అంది టీచరు.

"పొగరు కాదు మేడమ్. కెమెరాని నమ్మించమని నేనే నేర్పాను. మళ్ళీ పరీక్ష పెట్టించండి."

టీచరు తల అడ్డంగా ఊపింది. "ఇంకో మూడేళ్ళ దాకా పెట్టరమ్మా."

నీలవేణి పిల్లను ఎత్తుకుని వేరే గది దగ్గరికి నడిచింది. తలుపు అద్దంలోంచి చూస్తే లోపల వెలుతురు తక్కువగా, నిశ్శబ్దంగా ఉంది. ఒక పిల్లవాడు చేతులు ఆడించుకుంటూ తిరుగుతున్నాడు, ఎవరూ వద్దనడం లేదు. ఆ తలుపు కెమెరా తేల్చిన జాబితాలో ఉన్న ముఖాలకే తెరుచుకుంటుంది. చందనను చూసి తెరుచుకోలేదు.

నీలవేణి అరచేత్తో బాదింది. లోపలి ఆయా లేచి వచ్చి, తన చేతుల్లో ఏమీ లేదన్నట్టు దండం పెట్టింది.