సావాస దోషం

గదిలో లైటు ఆరింది. వెలిగింది. మళ్ళీ ఆరింది.

అప్పుడే నడుం వాల్చిన తల్లికి ఒళ్ళు మండిపోయింది. పొద్దున ఐదింటినుంచి హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి వచ్చిందామె.

"స్విచ్చుతో ఆటలేంటే? పిలవడానికి నోరు లేదూ?"

గుమ్మంలో కూతురు నాలుక్కరుచుకుంది. "మర్చిపోయానమ్మా. అలవాటైపోయింది."

ఈ దేశం వచ్చి ఐదు నెలలు. సొంతూళ్ళో ఉన్నప్పుడు దాని వాగుడు ఆగేది కాదు. అందుకే ఇంట్లో అందరికీ అది పిచ్చుక. ఇక్కడ మొదటి రెండు నెలలూ బడినుంచి ఏడుస్తూనే వచ్చేది. పాఠం చదవమంటే చదివేది. ఆ పలుకు విని క్లాసంతా నవ్వేది.

ఇప్పుడు ఏడవడం లేదు. నలుగురు స్నేహితులు దొరికారట. అమ్మయ్య అనుకునేలోపే ఈ కొత్త అలవాట్లు మొదలయ్యాయి. వెనకనుంచి వచ్చి భుజం మీద తట్టడం. అన్నం తింటూ బల్ల మీద చరచడం. మాట్లాడుతున్నంతసేపూ మొహంలోకి కళ్ళప్పగించి చూడడం.

"ఎవరు నేర్పారే ఇవన్నీ?"

"మా ఫ్రెండ్స్ ఇలాగే పిలుచుకుంటారు."

"బాగుంది సంబడం! ఇంట్లో పెద్దవాళ్ళు లేరు కాబోలు వాళ్ళకి."

కూతురు ఏదో చెప్పబోయింది. తల్లి ఆవులింత చూసి ఊరుకుంది. బడినుంచి వచ్చిన ఉత్తరం తీసి ఇచ్చింది. తల్లికి ఆ భాష రాదు.

"నువ్వే చదివి చెప్పు."

"క్లాసులో నేను నోరు విప్పడం లేదట. రేపు నిన్ను రమ్మన్నారు."

తన మీది ఫిర్యాదును తనే, ఒక్క ముక్క మింగకుండా చెప్పింది.

తల్లి లేచి కూర్చుంది. "చూశావా? ఆ నలుగురితో కబుర్లకైతే నోరొస్తుంది. చదువు చెప్పేచోట రాదు. రేపటినుంచి వాళ్ళతో తిరిగావంటే ఊరుకోను."

"అమ్మా, నన్ను చూసి నవ్వనిది వాళ్ళొక్కళ్ళే. వాళ్ళు లేకపోతే నేను బడికెళ్ళను."

"వెళ్ళక? మీ నాన్న ఊళ్ళు పట్టుకుని లారీ నడిపేదీ, నేను ఆవిర్లో ఉడికేదీ ఎందుకనుకున్నావ్?"

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ పైకెత్తింది. తల్లికి అర్థం కాదని గుర్తొచ్చినట్టు కిందికి దించేసింది.

మర్నాడు తల్లి సగం పూట సెలవు పెట్టి బడికి వెళ్ళింది. ఇంటర్వెల్ టైము. కంచె అవతల, గోడవారగా ఐదుగురు పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. చేతులతో ఏదో ఆట. పడీపడీ నవ్వుతున్నారు. అందరికన్నా ఎక్కువ నవ్వుతున్నది తన కూతురే. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

ఒక్క క్షణం ఆమె కాళ్ళు ఆగాయి. అంతలో ఉత్తరం గుర్తొచ్చింది. మిషన్ల హోరులో అరిచి అరిచి గట్టిపడిన గొంతు ఆమెది.

"పిచ్చుకా! లే అక్కణ్ణుంచి!"

మైదానమంతా తిరిగి చూసింది. కూతురు ఉలిక్కిపడి లేచింది. ఆ నలుగురూ మాత్రం తల కూడా తిప్పలేదు.

"ఎంత పొగరు! మనిషి పిలుస్తుంటే ఖాతరే లేదా?" ఇంకా గట్టిగా అరిచింది.

కూతురు పరుగున వచ్చి కంచె పట్టుకుంది.

"ఎంత అరిచినా లాభం లేదమ్మా, వాళ్ళ నలుగురికీ పుట్టుకతోనే వినపడదు."