వీపు గోడకి ఆనినప్పుడు

"ఇంకోటి సెప్పండి మేడం. బేగి సెప్పండి."

హేమలతకి ఒళ్లు మండింది. ఎదురుగా కూర్చున్న కృపావతి పెదవి చీలి నెత్తురు గడ్డకట్టింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. చీర అంచంతా ఎర్రటి మరకలే. ఈ అవతారంతో పొద్దున్నే తలుపు తోసుకొచ్చి, ఇంగ్లీషు జాతీయాలు నేర్పమంటుందేమిటి, మతి గాని పోయిందా?

"ముందు ఆసుపత్రికి నడువు."

"తర్వాత ఎల్తాను. 'నాకు వేరే దారి లేకపోయింది' అని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా సెప్పొచ్చు?"

డుంబ్రిగుడలో హేమలత నడిపే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో ఇంత మొండిపిల్ల ఇంకొకతె లేదు. దానికో కారణం ఉంది. కృపావతి అన్నని ఏదో కేసులో ఇరికించినప్పుడు, కోర్టులో అందరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే, పాపం ఒక్క ముక్క అర్థంకాక అన్నిటికీ తలూపేశాడట. ఏడేళ్లు లోపలున్నాడు. అప్పుడే పట్టింది పంతం. ఆ పంతమే ఇవాళ అరకు రిసార్టులో రిసెప్షన్ ఉద్యోగం దాకా తెచ్చింది. పదకొండింటికి ఇంటర్వ్యూ.

మొగుడు ఫల్గుణకి అదే గిట్టలేదు. జీపు తోలడం, తాగడం, పెళ్లాన్ని తన్నడం, వాడికొచ్చిన విద్యలు ఈ మూడే. మొన్న క్లాసు మధ్యలో దూరి, కృపావతిని జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్లాడు. "ఆ రిసార్టు గుమ్మం తొక్కినావంటే కత్తికి పనిసెప్తాను!" అని అందరి ముందూ అరిచాడు. అడ్డం వెళ్లిన హేమలత మణికట్టు విరిచినంత పని చేశాడు. అదింకా సలుపుతూనే ఉంది.

వీధిలో జీపు చప్పుడైంది. హేమలత పరుగున వెళ్లి గడియ పెట్టి, బల్ల ఈడ్చి తలుపుకి అడ్డం వేసింది. జీపు ఆగకుండా పోయింది. కృపావతి తలైనా తిప్పలేదు.

"నీకు భయం లేదుటే?"

"టైము లేదు మేడం. సెప్పండి."

"మై హ్యాండ్స్ వర్ టైడ్. నా చేతులు కట్టేసి ఉన్నాయని."

"అది వద్దు. సేతులు కట్టీలేదు కదా."

"బిట్వీన్ ద డెవిల్ అండ్ ద డీప్ సీ. ఇటు దెయ్యం, అటు నడిసముద్రం."

"దెయ్యంతోటి తొమ్మిదేళ్లు కాపరం సేసినాను గానీ, సముద్రం నానెప్పుడు సూసినాను? ఇంకోటి."

హేమలతకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మై బ్యాక్ వాజ్ అగైనెస్ట్ ద వాల్. ఇంకా వెనక్కి జరిగే చోటు లేక, వీపు గోడకి ఆనిపోయిందని."

కృపావతి బిగుసుకుపోయింది.

"నిజింగానే ఆనించినాడు మేడం. గోడకేసి నొక్కి గొంతు పిసికినాడు. మా గుంట నిద్రలేచి ఆడి కాళ్లట్టుకుంటే, ఒక్క తన్ను తన్నినాడు. పొయ్యికాడ ఎగిరి పడ్డాది."

"అయ్యో! పిల్ల ఎలా ఉంది?"

"మా అమ్మకాడ దించి వచ్చినాను. ఏడుత్తంది, అంతే."

"పాపిష్టి వెధవ! వాడి కాళ్లు పడిపోను!" హేమలతకి కళ్లనీళ్లు ఆగలేదు.

కృపావతి ఏడవలేదు. "మై బ్యాక్ వాజ్ అగైనెస్ట్ ద వాల్. ఐ హ్యాడ్ నో చాయిస్." ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. నాలుక తడబడినచోట మళ్లీ మొదటినుంచి.

"ఇంటర్వ్యూలో ఇలాంటి ఏడుపు మాటలు చెప్పకూడదమ్మాయ్. ఈ ఉద్యోగమంటే ఇష్టం కనక వచ్చానని చెప్పాలి."

"పెద్ద సారుకి తెలుగు రాదంట మేడం. ఒక్క ముక్క తప్పు పోకూడదు."

ఇక వాదించి లాభం లేదనుకుంది హేమలత. ముఖం కడిగించి, తన చీరొకటి ఇచ్చింది. కృపావతి వద్దంది, ఇదే ఉండనిమ్మంది. సరే, దాని ఇష్టం. స్కూటీ తాళాలు తీసి, కిటికీలోంచి వీధి అటూ ఇటూ చూసింది.

"పద, రిసార్టు దాకా నేనే దింపుతాను. వాడు దారిలో కాపు కాశాడంటే ఇవాళ నా చేతిలోనే చస్తాడు."

కృపావతి లేచి, బల్ల పక్కకి జరిపి, గడియ తీసింది.

"పోలీసు టేసనుకి దింపండి మేడం, ఆడిని నరికేసి వచ్చినాను."